పాఠశాలలో పాకకాయకము

ఉత్తర సర్కారులని పిలువబడిన తెలుగు సముద్రతీరమునకు వైద్యశాస్త్ర చరిత్రలో ఒక విషాదకరమైన స్థానము కలదు. బెరిబెరి యను వ్యాధి భారతదేశమున ప్రధానముగా ఈ తీరమునందే పాతుకొని యుండెను. కాళ్ళు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, దేహమున నీరు దిగి, తుదకు గుండె నిలిచి మనుష్యులు మరణించుచుండిరి. మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835 లోనే ఈ వ్యాధిని గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. కాని కారణము ఆనాటి వైద్యులకు చిక్కలేదు. నేటి రాజాం పట్టణము, దాని చుట్టునున్న పల్లెలు ఆ కాలమున ఈ సర్కారులలోనివే.

తరువాత అర్ధశతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట జావా ద్వీపమున క్రిస్టియాన్ ఐక్మన్ అను డచ్చి వైద్యుడు ఒక వింతను గమనించెను. తెల్లని పాలిషు బియ్యము తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలినవి. తవుడు పెట్టగా కోలుకొన్నవి. ఆ తవుడులోని సారమే నేడు బి-1 విటమిను అనబడుచున్నది. ఐక్మన్‌కు 1929 లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 1918 లో కూనూరునందు రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన చిన్న బెరిబెరి పరిశోధన విభాగమే క్రమముగా పెరిగి, 1958 లో హైదరాబాదునకు తరలి, జాతీయ పోషకాహార సంస్థగా నిలిచినది. దేశమంతటికి ఆహారతత్త్వము బోధించు సంస్థ యొక అన్నపుకుండలోని లోపమును వెదకుచు పుట్టినదని తెలిసినవారు తక్కువ.

లోపమెక్కడనున్నది? తమిళదేశమున వడ్లను ఉడికించి, ఎండబెట్టి, పిమ్మట దంచు ఆచారము కలదు. ఉడుకునప్పుడు పైపొరలోని సారము గింజ లోపలికి దిగును. కావున ఉప్పుడు బియ్యము తిన్నవారికి ఆ రోగము సోకలేదు. మన తీరమునవారు పచ్చిబియ్యమును ఇష్టపడిరి. అది తెల్లగా నుండవలెననిరి. మరలు వచ్చిన పిమ్మట ఆ తెలుపు మరింత పెరిగినది. అంతటితో ఆగక, ఆ బియ్యమును నాలుగైదు నీళ్ళు మారుమారు కడిగి, విస్తారమైన ఎసటిలో ఉడికించి, గంజి వార్చి పారబోసిరి. కూనూరు ప్రయోగశాలకు అధిపతిగా నుండిన ఐక్రాయిడ్ తన సహచరులతో 1940 ప్రాంతమున ఈ నష్టమును లెక్కగట్టెను. మరబియ్యములో మిగిలియున్న కొద్దిపాటి సారములోను చాలభాగము కడుగునీటితోనే పోవుచున్నదని తేలినది. కడుగునీరు కుడితితొట్టిలో పడినది. పశువులు బలిసినవి, ఇంటివారు వాడిపోయిరి. అన్నిటికంటె దుఃఖకరమైనది పసికందుల మాట. తల్లి భోజనమున ఆ సారము లేనప్పుడు ఆమె పాలలోను ఉండదు. బాగుగానే కనిపించు బిడ్డ కొద్దినెలలు నిండునప్పటికి హఠాత్తుగా గుండె నిలిచి పోవుచుండెను. తల్లులు అది గ్రహదోషమనుకొనిరి.

ఈ వృత్తాంతము నింత విస్తరించుటకు కారణమున్నది. బెరిబెరి తిండి లేక వచ్చిన రోగము కాదు, తిన్నది వండుటలో వచ్చిన రోగము. అదే గింజ ఒక చేతిలో ప్రాణమైనది, మరియొక చేతిలో పిప్పియైనది. అట్టి విద్యను తల్లి చూచి కూతురు నేర్చుకొనుటకు మాత్రమే వదలివేయుట ఎంతవరకు సమంజసము? అక్షరములకు, అంకెలకు ఉపాధ్యాయుని నియమించిన సంఘము అన్నమునకు ఉపాధ్యాయుని ఎందుకు నియమింపలేదు?

కాయకమును, దాసోహమును

బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బోధించిన ధర్మమునకు కాయకము, దాసోహము రెండు కన్నులు. స్వహస్తములతో శ్రమించి సంపాదించుట కాయకము. ఆ సంపాదనను శివార్పితముగా సంఘమునకు పంచుట దాసోహము. మన ప్రసంగములలో ఈ రెండు మాటలు తరచుగా వినబడును గాని, ఈ రెంటిని కలుపు స్థలము వంటయిల్లని చెప్పువారు అరుదు. కాయకము వలన ధాన్యము వచ్చును, దాసోహమున అన్నము పోవును. ధాన్యము అన్నమగుట మాత్రము పొయ్యిమీద జరుగును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణుల చరిత్రలో ప్రసిద్ధము. ఆయ్దక్కి యనగా ఏరుకొన్న బియ్యము. మారయ్య వాకిళ్ళలో రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుచుండెను. లక్కమ్మ వాని వండి జంగమార్చన చేయుచుండెను. ఒకనాడు ఆయన అలవాటుకంటె ఎక్కువ తెచ్చినాడు. ఆమె సంతోషింపలేదు. మనకు అవసరమైనంతయే మనదని, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపివేసెను. ఈ కథను దురాశ వద్దను నీతికై చెప్పుట పరిపాటి. దీనిలో మరియొక సంగతియు గమనింపదగియున్నది. లక్కమ్మకు ఏ పూటకు ఎంత బియ్యము కావలెనో కచ్చితముగా తెలియును. మూటను చూచిన వెంటనే హెచ్చని గుర్తించినది. ఆ కొలత తెలియనివారికి ఆ వైరాగ్యము కూడ సాధ్యము కాదు. పాకవిద్యలో మొదటి పాఠము కొలతయే.

పళ్ళెములోని లెక్క

2001 నవంబరు 28 న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ననుసరించి, 2003 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. రాజాం అప్పుడు శ్రీకాకుళము జిల్లాలోనిది, 2022 ఏప్రిల్‌లో విజయనగరము జిల్లాలో చేరినది. పథకము పేరు ప్రభుత్వములతోపాటు మారుచు వచ్చినది. 2024 నుండి లంకల గన్నవరమున గోదావరి బాటసారులకు ఎల్లవేళల అన్నము పెట్టి కీర్తినొందిన డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టిరి. పేరేదైనను పళ్ళెము అదే.

ఆ పళ్ళెమునకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన కొలతలు కలవు. ఐదవ తరగతి వరకు బిడ్డకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. దీనివలన 450 కాలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు లభింపవలెను. ఆరు మొదలు ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. లక్ష్యము 700 కాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు.

ఈ అంకెలు చాలచోట్ల కాగితములమీదనే నిలిచిపోవుచున్నవి. వీనిని గణితపు తరగతిలోనికి తేవచ్చును. ఎనిమిదవ తరగతిలో నలుబదిమంది యున్నారనుకొందము. బియ్యము ఆరు కిలోలు, పప్పు కిలో రెండువందల గ్రాములు, కూరగాయలు మూడు కిలోలు, నూనె మూడువందల గ్రాములు కావలెను. ఈ లెక్క చేసిన విద్యార్థి ఆనాటి వంటశాలకు పోయి త్రాసులో తూచి చూచినచో భిన్నములు, దశాంశములు అన్నియు ఒక్కసారిగా ప్రాణము పోసుకొనును. పిమ్మట ఒక గిద్దెడు బియ్యము ఎన్ని గ్రాములో, ఒక సోలెడు పప్పు ఎన్ని గ్రాములో తూచి పట్టిక వ్రాసికొనవలెను. ఇంటిలో త్రాసు ఉండదు గాని గిద్దె, సోల యుండును. ఆ పట్టికను ఇంటికి కొనిపోయి, తమ యింటి కుండలో తలకు ఎంత పప్పు పడుచున్నదో చూచిన పిల్లలు పెద్దలనడుగు ప్రశ్నలు పెద్దలకు కొంత ఇబ్బందియే కలిగింపవచ్చును. పప్పు పలుచనై పులుసు పెరిగిన ఇండ్లు మన సమాజమున తక్కువ కాదు.

బియ్యమును గూర్చి ఒక ముఖ్యవిషయము. ప్రభుత్వము ఇటీవలి సంవత్సరములలో సరఫరా చేసిన బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 విటమిను కలిపి చేసిన గింజలు నూటికి ఒకటి చొప్పున మిళితమై యుండెను. ఇవి బియ్యపుపిండితో చేసినవి. రంగులో కొంచెము తేడాగా నుండుటచే ప్లాస్టిక్ బియ్యమని భ్రమించి చేటలో ఏరి పారవేయువారు కలరు. ఆ విధముగా ఏరివేయుట మందును పారబోసి నీళ్ళు త్రాగుటయే. 2025 జూన్ నుండి పాఠశాలలకు సన్నబియ్యము వచ్చుచున్నది. అన్నము రుచిగా నున్నదని పిల్లలు సంతోషించుట మంచిదే. బియ్యము సన్నమైనను, తెల్లనైనను, పైన చెప్పిన బెరిబెరి పాఠము మాత్రము మారలేదు. రెండు నీళ్ళకు మించి కడుగరాదు. ఎసరు ఇగురునంత మాత్రమే పోయవలెను. గంజి వార్చినచో దానిని పారబోయరాదు.

ఉత్తరాంధ్ర వృద్ధులకు ఈ మాట క్రొత్త కాదు. గంజిని కుండలో పులియబెట్టి, తరవాణి చేసి, అందులో చద్దియన్నము వేసికొని తినుట వారి ఆచారము. పులియుట వలన ఆ కుండలో బి వర్గపు విటమినులు కొంత పెరుగును కూడ. దానిని బీదల తిండియని చులకన చేసినవారే నేడు సీసాలలోని టానిక్కులు కొనుచున్నారు.

చోడి, గోగు, ఉలవ

బసవపురాణమున పాల్కురికి సోమనాథుడు చెప్పిన మాదార చెన్నయ్య కథను ఎరుగని వీరశైవ గృహముండదు. చోళరాజు నిత్యము పంచభక్ష్యములు నివేదింప శివుడారగించుచుండెను. ఒకనాడు ముట్టలేదు. రాజు తల్లడిల్లెను. గుర్రములకు గడ్డి కోయు చెన్నయ్య యింట అంబలి త్రాగి వచ్చితినని, కడుపు నిండినదని స్వామి పలికెను. రాజభోజనమును మించిన అంబలి మన సాహిత్యములో ఏడువందల యేండ్లకు పైగా నిలిచియుండగా, మన పిల్లలు అంబలి యనిన ముఖము చిట్లించుట చోద్యము.

రాజాం ప్రాంతమున రాగులను చోళ్ళందురు. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపుధాతువు కలదు. అదే తూకపు మరబియ్యములో సుమారు 10 మాత్రమే. ఎముకలు సాగు వయసున, పాలు కొనలేని యింట, చోడియంబలికి సాటి వచ్చునది లేదు. 2023 మార్చి నుండి పాఠశాలలలో బెల్లముతో రాగిజావ యిచ్చుట ఆరంభమైనప్పుడు ఈ సీమకు అది క్రొత్త వస్తువు కాదు. దూరము పోయి తిరిగివచ్చిన చుట్టము. పిల్లలకు నేర్పవలసినది ఏమనగా, చోడిపిండిని రాత్రియే నీళ్ళలో కలిపి పులియనిచ్చి మరునాడు కాచినచో అందలి ఫైటేటు అను పదార్థము తగ్గి, సున్నము, ఇనుము దేహమునకు మరింత ఒంటబట్టును. అమ్మమ్మల ముంతలో ఈ రసాయనశాస్త్రము పేరు లేకుండనే యుండినది. అప్పటికప్పుడు ఉడుకునీటిలో పిండి కలిపి ఇచ్చుటకంటె ఒక రాత్రి ఓర్పు వహించుట మేలు.

ఇక గోగు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నారకొరకు గోగును విరివిగా పండించుచుండిరి. రాజాములో జనపనార మిల్లు కూడ వెలసినది. గోనెసంచికి నారయిచ్చిన ఈ గోగుజాతి మొక్కల లేతయాకే గోంగూర. విద్యార్థిని పొలమునకు కొనిపోయి ఒకే మొక్కలో నారను, కూరను చూపినచో ఆర్థికశాస్త్రమును ఆహారశాస్త్రమును ఒకే పాఠమగును. ఆకుకూరలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము ఉండును. ఈ ఫోలిక్ ఆమ్లమును 1945 లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారుచేయించినది భీమవరమున 1895 లో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే. అయితే ఆకును తరిగిన పిమ్మట నీళ్ళలో నానవేసినను, మూత లేక గంటసేపు ఉడికించినను ఈ సారము నశించును. ముందు కడిగి తరువాత తరుగవలెను, తరిగిన వెంటనే వండవలెను. గోంగూరలో ఆక్సాలిక్ ఆమ్లము మెండుగా నుండుటచే అందలి సున్నము దేహమునకు దక్కదు. కావున సున్నమునకు చోడిని, పాలను, నువ్వులను నమ్మవలెను గాని గోంగూరను కాదు. ఒక్కొక్క శాకమునకు ఒక్కొక్క పని.

రాష్ట్రమున పదునైదేండ్లు దాటిన స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనత కలదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. ఆడపిల్ల పదవ తరగతిలో పాలిపోయి కూర్చుండుటకు మూలము ఆమె కంచములో వెదకవలెను. ఆకుకూరతోను, పప్పుతోను ఒక నిమ్మబద్ద, లేక ఉసిరికాయ పచ్చడి చేర్చినచో సి విటమిను వలన ఇనుము ఎక్కువగా ఒంటబట్టును. నిమ్మరసము పొయ్యి దింపిన పిమ్మటనే పిండవలెను. భోజనమైన వెంటనే టీ త్రాగినచో ఆ ఇనుములో చాలభాగము వృథాయగును. ఈ మూడు వాక్యములు చదువుటకు నిమిషము పట్టును గాని, ఆచరణలో పెట్టుటకు ఇంటిలో ఒక తరము పట్టుచున్నది.

ఉలవలలో మాంసకృత్తులు నూటికి సుమారు 22 పాళ్ళు. ఎద్దుకు ఉలవలు పెట్టి బలము చూచి ఆనందించు రైతు, తన బిడ్డకు పెట్టుట మరచినాడు. మొలకెత్తించిన ఉలవలతో గుగ్గిళ్ళు చేయుట ఆరవ తరగతి పిల్లలకు కూడ సులభమైన పని.

గ్రుడ్డు వద్దన్న బిడ్డకు ఏమి పెట్టవలెను?

వీరశైవ కుటుంబములకు పాఠశాల భోజనములో వచ్చు చిక్కు ఇదియే. 2020 నుండి ఆంధ్రప్రదేశ్ పాఠశాలల పట్టికలో వారమునకు ఐదు గ్రుడ్లు చేరినవి. మన బిడ్డలు దానిని ముట్టరు. 2021 డిసెంబరులో కల్యాణ కర్ణాటక జిల్లాల పాఠశాలలలో గ్రుడ్లిచ్చుట ఆరంభమైనప్పుడు కొందరు లింగాయత మఠాధిపతులు అభ్యంతరము చెప్పిరి. మాకు గ్రుడ్లు కావలెనని బాలికలే బహిరంగముగా అడిగిన సందర్భములును కలవు. తిననివారికి అరటిపండు ఇచ్చుట అక్కడ ఏర్పాటు.

వాదమును ప్రక్కనబెట్టి పళ్ళెము చూచినచో ఒక నిజము తేటపడును. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు. అరటిపండులో సుమారు ఒక గ్రాము మాత్రమే. అరటిపండు మంచిదే గాని గ్రుడ్డునకు బదులు కాదు. బదులుగా నిలువగలిగినవి వేరు. ఇరువదియైదు గ్రాముల వేరుసెనగ పప్పులో సుమారు 6 గ్రాములు కలవు. ముప్పది గ్రాముల కందిపప్పులో అంతకు కొంచెము ఎక్కువ. రెండువందల మిల్లీలీటర్ల పాలలోను అంతే. పప్పు, వేరుసెనగలలోని మాంసకృత్తులు గ్రుడ్డులోనివంత సంపూర్ణములు కావు. అయితే బియ్యములో కొరతగానున్న లైసిను పప్పులో సమృద్ధిగా కలదు, పప్పులో కొరతగానున్న మెథియోనిను బియ్యములో కలదు. ఈ రెండును ఒకే రోజున కలిసినప్పుడు ఒకదాని లోటు మరియొకటి తీర్చును. పప్పన్నము, పొంగలి, ఇడ్లీ వట్టి రుచికొరకు పుట్టినవి కావు.

బి-12 విటమినును గూర్చి మాత్రము మోమోటము పనికిరాదు. అది ఆకులలో లేదు, పప్పులలో లేదు, గింజలలో లేదు. శాకాహారికి పాలు, పెరుగు, మజ్జిగ మాత్రమే దానికి ఆధారము. దానిలోపమున రక్తము క్షీణించును, నరములు చెడును, పసిబిడ్డల మెదడు ఎదుగుదల కుంటువడును. చిక్కని పాలను అమ్మి, బిడ్డకు టీనీళ్ళు పోయు యింట శాకాహారము వ్రతముగా నిలుచునేమో గాని ఆహారముగా నిలువదు. ముందు చెప్పిన ప్రత్యేక బియ్యపు గింజలలో బి-12 ఉండుట ఈ కారణముచే మన బిడ్డలకు మరింత ముఖ్యము. ఆ విటమినును సూక్ష్మజీవులను పులియబెట్టి తయారుచేయుదురు గాన ఆచారమునకు భంగమేమియు లేదు.

కావున మఠములు, సంఘములు ఈ విషయమున చేయవలసిన పని అభ్యంతరపత్రము వ్రాయుటతో ముగియదు. గ్రుడ్డు తీయుమని అడిగినవారు ఆ ఆరు గ్రాములను ఎక్కడనుండి తెచ్చెదరో చెప్పవలెను. తమ బిడ్డకు గుప్పెడు వేరుసెనగలు, గ్లాసెడు పాలు అందుచున్నవా యని చూడవలెను. ప్రక్కన కూర్చుండి గ్రుడ్డు తినుచున్న తోటిబిడ్డను తక్కువగా చూచు మాట తమ బిడ్డ నోట రాకుండ కాపాడుకొనవలెను. మాదార చెన్నయ్య యింట భుజించిన దైవమును కొలుచువారికి పంక్తిభేదము తగదు.

మగపిల్లలకేల?

పూర్వము పాఠశాలలలో గృహవిజ్ఞానము అను పాఠ్యాంశము నుండినచోట అది బాలికలకు మాత్రమే. బాలురు ఆ గంటలో మరియొక పని చేయుచుండిరి. ఈ విభజన నేటికి చెల్లదు. రాజాం పల్లెలనుండి ఇంటర్మీడియెట్ ముగించిన కుర్రవాడు విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పోవును. చదువుకొరకు కొందరు, కూలికొరకు మరికొందరు. అక్కడ ఒక గదిలో నలుగురు చేరియుందురు. వండుట రానివారు దారిప్రక్కన నూనెలో వేగిన తిండితో కడుపు నింపుకొని, ముప్పదియేండ్లకే మందుల చీటీలు పట్టుకొనుచున్నారు. పప్పు ఉడికించుట, అన్నము వార్చుట, ఒక ఆకుకూర తాలింపు పెట్టుట, ఈ మూడు వచ్చియుండిన వాని జీతములో కొంత మిగులును, ఆరోగ్యము మిగులును.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలికవిద్య చేతిపనిని విద్యకు కేంద్రముగా నిలిపినది. సేవాగ్రామపు నయీ తాలీం పాఠశాలలో బాలబాలికలు కలిసి సామూహిక వంటశాల పనులు చేసిరి. జపానులో పిల్లలు తామే తెల్లని టోపీలు ధరించి తోటివారికి భోజనము వడ్డింతురు. అక్కడ 1993 నుండి మాధ్యమిక పాఠశాలలలో గృహశాస్త్రము బాలురకును నిర్బంధమైనది. 2005 లో ఆహారవిద్యకై ప్రత్యేక చట్టమే వచ్చినది. ఇంగ్లండులో 2014 నుండి పదునాలుగేండ్ల వరకు వంట, పోషణ పాఠ్యప్రణాళికలో చేరినవి. 2024 లో కేరళ ప్రభుత్వము మూడవ తరగతి వాచకమున తండ్రి కొబ్బరి కోరుచున్న బొమ్మ ముద్రించినప్పుడు దేశమంతట చర్చ సాగినది. తండ్రి కోరుకాయ పట్టుకొనుట వార్తయైన దేశములో మనమున్నాము. మారయ్య బియ్యము ఏరి తెచ్చెను, లక్కమ్మ వండెను, ఒకరి కాయకము మరియొకరి కాయకమునకు తక్కువ కాదని వారి చరిత్ర. మరి నేటి మారయ్య ఒకపూట గరిటె పట్టినచో శివార్పణమునకు భంగమగునా?

పొయ్యి దగ్గర పాఠము

2020 జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలకు సంచి లేని పది దినములను సూచించినది. పాకవిద్యకు అందులో నాలుగు దినములు చాలును. ఆరవ తరగతివారు నిప్పు జోలికి పోనక్కరలేదు. గింజలు మొలకెత్తించుట, మజ్జిగ చిలుకుట, కూరగాయలు కడిగి తరుగుట వారి పని. ఎనిమిదవ తరగతివారు పెద్దల పర్యవేక్షణలో పొయ్యి వెలిగింపవచ్చును. వదులుగా వ్రేలాడు చున్నీ గాని, తువాలు గాని పొయ్యి దగ్గర పనికిరాదు. పప్పు త్వరగా ఉడుకవలెనని వంటసోడా వేయు అలవాటు బి-1 విటమినును చంపును. ముందుగా నానబెట్టుటయే దానికి విరుగుడు. గురువు గురువుగా, వంట చేయు అమ్మలు గురువులుగా ఇద్దరు కలిసి ఈ పాఠము చెప్పవలెను. ఏటేట వందలమందికి వండుచు, తక్కువ గౌరవవేతనముతో నెట్టుకొనివచ్చు ఆ అమ్మలను ఒకపూట తరగతిగదిలో కుర్చీమీద కూర్చుండబెట్టి, వారి అనుభవమును పిల్లలచేత వ్రాయించుట పాఠములో భాగము కావలెను.

శుభ్రతను గూర్చిన పాఠమును భయముతో గాక కారణముతో చెప్పవలెను. 2013 జూలైలో బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లా పాఠశాలయందు మధ్యాహ్న భోజనము తిని ఇరువదిముగ్గురు పిల్లలు మరణించిరి. వంటనూనెలో పురుగుమందు కలిసియుండెను. పురుగుమందు డబ్బా ఎంత కడిగినను వంటయింటిలోనికి రారాదు. రైతుబిడ్డలు చదువు రాజాం పాఠశాలలలో ఈ వాక్యమును నల్లబల్లపై వ్రాయించి ఇంటికి పంపవలెను. పిల్లలకు వడ్డించుటకు ముందు ఉపాధ్యాయుడు రుచిచూచుట నియమముగానున్నది. దానిని తప్పింపరాదు.

మఠముల వంటశాలలు ఈ విద్యకు స్వభావసిద్ధమైన పాఠశాలలు. తుమకూరు సిద్ధగంగా మఠమున 2019 లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమార మహాస్వామివారి కాలమున సుమారు పదివేలమంది విద్యార్థులకు ఉచితముగా అన్నము, వసతి, విద్య లభించినవి. అంత పెద్ద దాసోహము నిలుచుటకు భక్తి ఒక్కటే చాలదు, కొలత కావలెను. మన సీమలోని చిన్న మఠములు ఏడాదికొక వేసవి వారమున పాతికమంది బాలబాలికలను చేర్చుకొని, దాసోహపు బియ్యము తూచుట నుండి పాత్ర తోముట వరకు వారిచేతనే చేయించినచో ఖర్చు దాదాపు లేదు. జంగమదేవర ముందుగా తానే కత్తిపీట ముందు కూర్చుండినచో బాలురు వెనుదీయరు.

పాఠశాల ఆవరణలో కూరతోట పెంచుటకు 2019 లోనే కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు పంపినది. చోటు లేని పాఠశాల గోడప్రక్కన ఒక మునగకొమ్మ నాటినను చాలును. జూన్‌లో బడి తెరచి తొలకరి పడినప్పుడు నాటిన కొమ్మ త్వరలోనే ఆకు నిచ్చును. మునగాకును నీడన ఎండబెట్టి పొడిచేసి పప్పులో కలుపవచ్చును. తోటకూర విత్తిన నెలలోపల కోతకు వచ్చును. పిల్లలు తాము విత్తినది తామే కోసి, ఆనాటి పప్పులో వేయించి, ఎన్ని గ్రాములు పడినదో తమ పుస్తకములో వ్రాసికొనవలెను.